కాక్ లోంగ్‌కి వచ్చిన కబురు

నా పెళ్ళిసామానులో అన్నిటికంటే బరువైనది చీరల పెట్టె కాదు, కాకినాడ కాలేజీ నుంచి తెచ్చుకున్న ఇంగ్లీషు నిఘంటువు. మాటల పుట్టుక చెప్పే రకం. మా ఆయన సాలమన్ మలయాలో ఈ కొబ్బరితోట ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరు. సాయంత్రం ఇంటికి రాగానే, చేతుల మందువాసన పోకముందే, దాన్ని ఒళ్ళో పెట్టుకుంటారు. వరసగా నాలుగక్షరాలు చెబుతారు. అవి ఏ ఏ మాటల్లో దాక్కున్నాయో నేను కనిపెట్టాలి. గెలిస్తే కాఫీలో ఇంకో చెంచా పంచదార నాకు. ఓడినా నాకే.

ఒకరోజు "ఎల్, ఓ, ఎన్, జీ" అన్నారు.

"ఫర్లాంగు!" అన్నాను. పాత ఇంగ్లీషులో అది ఒక నాగటి చాలు పొడవట. "బిలాంగ్" అన్నాను. పక్కపక్కన నడిచేది ఏదో అదే మనదట. "అలాంగ్" అంటే ఈ చివర నుంచి ఆ చివరదాకా వెంటే ఉండడం.

"ఒట్టి లాంగ్ మరిసిపోనావు," అన్నారు.

"అది పొడుగే కదండీ."

"బెంగ కూడా. ఇదిగో సూడు. పాతకాలంలో బెంగెట్టుకున్నోడు 'నాకు పొడుగవుతోంది' అనీవోడంట."

ఎంత నవ్వానో! "అయితే నేను మీకు ఏ మాటండీ?"

"నువ్వా? నోరు తెరిస్తే ఫర్లాంగువి."

ఆ నాలుగక్షరాలు మా పక్కింట్లోనూ ఉన్నాయి. కాక్ లోంగ్ అనే మలాయ్ ఆవిడ. అసలు పేరు నాకు తెలియదు. ఇక్కడ ఇంటికి పెద్దబిడ్డని ఆలోంగ్ అంటారు. బయటివాళ్ళు మర్యాదగా కాక్ లోంగ్ అనాలి, అంటే పెద్దక్క. చుట్టుపక్కల పురుళ్ళు పోసేది ఆవిడే. మా తోటవాళ్ళతో తిరిగి తిరిగి తెలుగు కూడా పట్టేసింది, కాకపోతే మాట చివర మలాయ్‌వాళ్ళ 'లా' తగిలిస్తుంది.

అంతలో మా ఆయనకి పెరాక్ నది అవతలి తోటకి బదిలీ అయింది. అక్కడ పెళ్ళాలకి చోటు లేదు. ఆ తోట దొర ఒప్పుకుంటే నేనూ వెళ్ళొచ్చు. ఒప్పుకోకపోతే, మా ఇంట్లోనే ఉండి ఊరెళ్ళిపోబోతున్న మా చిన్నాన్నతో పినాంగులో ఓడెక్కి భీమిలి పోవాలి. ఈయన ఒప్పందం తీరేదాకా, రెండేళ్ళు, సముద్రానికి అటొకరం, ఇటొకరం.

కబురు తేవడానికి కొబ్బరికాయల పడవ నడిపే కూర్మయ్య ఒక్కడే దిక్కు.

"నా పెళ్ళాన్ని పంపండని ఆడితో ఎలా సెప్పీది? రేవంతా నవ్వుతారు," అన్నారు మా ఆయన, చెవులెర్రబడి. "దొర ఒప్పుకుంటే 'అలాంగ్' అంటాను. లేదంటే 'లాంగ్'. ఆడికేటీ తెలీదు, నీకన్నీ తెలుస్తాయి."

వెళ్ళారు.

పాత ఇంగ్లీషువాళ్ళు అబద్ధం చెప్పలేదు. మధ్యాహ్నాలు పొడుగయ్యాయి. కొబ్బరిచెట్ల నీడలు మా వాకిలి దాటి, కాలవ దాటి, నన్ను వదిలేసి ఎక్కడికో పోయేవి. రెండు గ్లాసుల్లో కాఫీ పోసి, రెండూ నేనే తాగేదాన్ని. పంచదార ఎంత వేసినా చప్పగానే ఉండేది.

ఒక ఉదయం కాక్ లోంగ్ కొత్త పువ్వుల బాజూ చొక్కా తొడుక్కుని, గొడుగు పట్టుకుని మా మెట్లెక్కింది.

"ఏటి లా, సూసన్! మీ డ్రెస్సరు నన్ను రమ్మన్నాడంట?"

"ఎవరు చెప్పారు?"

"కూర్మయ్య. డ్రెస్సరు కబురంట. 'కాక్ లోంగ్' అన్నాడు."

నాకు చివరి ముక్కే వినిపించింది. లాంగ్. మెట్టు మీద కూలబడ్డాను.

లోపలి నుంచి చిన్నాన్న తొంగి చూశాడు. "దొరలు ఒప్పుకోరని నాను ముందే సెప్పినాను కదే అమ్మీ. లే, పెట్టె సర్దుకో."

ముందు నిఘంటువు పెట్టాను. మూత పడలేదు. తీశాను. అది ఎవరి దగ్గర ఉండాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కాక్ లోంగ్ కదల్లేదు. "ఏడుపు తరవాత లా. నన్నెందుకు పిలిసినాడు? అక్కడెవరికి పురుడు?"

నిజమే. నాకు రావలసిన కబురు ఆవిడకెందుకు పోయింది? చెప్పులైనా వేసుకోకుండా రేవుకి పరిగెత్తాను.

"కూర్మయ్యా! ఆయన ఏమన్నారు? అన్నది అన్నట్టు చెప్పు."

"ఇంటికాడ ఆలోంగ్ అని సెప్పరా అన్నారమ్మా."

"నువ్వు కాక్ లోంగ్ అన్నావుట?"

"పెద్దావిణ్ణి మొకమ్మీద ఒట్టి ఆలోంగ్ అంటే బాగుంటాదేటమ్మా? కాక్ నానే ఎట్టినాను," అన్నాడు, తన మర్యాదకి తానే మురిసిపోతూ.

"మొదట్లో 'ఆ' ఉందా?"

"ఉంది. నోరు ఇంత తెరిసి అన్నారు. పడవ కదిలినాక ఒడ్డెంట పరిగెత్తి మళ్ళీ అన్నారు."

అలాంగ్! నేను వెనక్కి ఎలా వచ్చానో తెలియదు. చిన్నాన్న సణుగుతూనే పెట్టె పడవలోకి దించాడు. గొడుగు విప్పి కాక్ లోంగ్ నాకంటే ముందు ఎక్కి కూర్చుంది.

"మీరెక్కడికి?" అన్నాను.

"పిలిసింది నన్నే కదా లా!"

నది మధ్యకి వచ్చేసరికి అవతలి రేవులో తెల్లచొక్కా ఒకటి కనిపించింది. చెయ్యి ఊపుతోంది. నిఘంటువు ఒళ్ళో ఉంది, నేనూ చెయ్యి ఊపాను. నీరు ఎదురొస్తోంది, కూర్మయ్య తెడ్డు బరువుగా పడుతోంది.

"ఇంకెంత దూరం, కూర్మయ్యా?"

"ఎంతమ్మా, ఒక్క ఫర్లాంగు."

ఆ ఫర్లాంగు ఎంతకీ తరగలేదు.