చిన్న విమానమూ రుబ్బురోలూ

మస్కట్‌కి పోయే చిన్న విమానం ఆ ఊరికి వారానికొకసారి వస్తుంది. ముసందం కొండల వెనకాల, సముద్రం ఒడ్డున ఉండే ఊరది. కార్లు పోయే దారి లేదు. గులకరాళ్ళు చదును చేసిన మైదానం, ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో తూకం పలక... విమానాశ్రయమంటే ఇంతే. ఆ పలక మీదికి మూటతో పాటు మనిషీ ఎక్కాల్సిందే. విమానం అంత చిన్నది మరి. బరువు చూడందే ఎవరినీ ఎక్కనివ్వరు.

ఆ పొద్దు మహబూబీ ఆ షెడ్డు ముందర నిలబడి తన రుబ్బురోలు వంక చూసుకుంటా ఉంది. కడప జిల్లా నుంచి ఇంటిపనికొచ్చిన మనిషి. వయసంతా ఈ ఊళ్ళోనే గడిపి, ఇంక మళ్ళీ రాకుండా ఇంటికి, మొగుడి దగ్గరికి పోతా ఉంది. బట్టలూ గిన్నెలూ అన్నీ పంచిపెట్టేసింది. ఇక్కణ్ణుంచి మస్కట్ దాకా, మస్కట్ నుంచి మన దేశం దాకా మోసుకుపోనిచ్చే బరువంతా ఆ రోలుకే అట్టిపెట్టుకుంది. అది వాళ్ళమ్మ షంషున్నీసాది. అమ్మ పోయి చాన్నాళ్ళయింది. ఆమె చేతికింద అరిగిన గుంట మాత్రం రోట్లో అట్లాగే ఉంది. దాన్ని తీసుకుపోయి అమ్మ వంటింట్లో, మునుపున్న మూలనే పెట్టాలని మహబూబీ ఆశ. అంతకు మించి ఆమె ఏమీ కోరుకోలేదు.

ఆ రోలు ఇంత దూరం ఎట్లా వచ్చిందంటారా? మహబూబీ వచ్చిన కొత్తలో ఆ ఊరి తిండి సయించక పుల్లలాగా అయిపోయింది. ఆ మాట వాళ్ళమ్మ చెవిన పడింది. పడేసరికి ఆమె తన రోలే కట్టించి పంపింది. మస్కట్ పక్కన మత్రాలో బట్టల కొట్లో పనిచేసే చిన్నాయన దస్తగిర్, షావుకారు సరుకుతో పాటు దాన్ని ఓడలో తెప్పించాడు. అక్కడ విమానం దగ్గర రోలూ పొత్రమూ ఒకేసారి ఎక్కనివ్వలేదు. ఒక వారం రోలు, మరో వారం పొత్రం వచ్చాయి. ఆ నడుమ వారమంతా మహబూబీ వట్టి రోలు ముందర కూర్చుని ఏడుస్తా ఉండేది. ఇంటి దగ్గర అమ్మ మాత్రం పక్కింట్లో రుబ్బుకొచ్చుకునేదంట, ఆ సంగతి చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

పుల్లలాగా ఉన్నందుకు ఆ రోజుల్లో మహబూబీకి ఎంత గిరాకీ అనుకున్నారు! తలా ఇంత బరువని విమానం కంపెనీ వాళ్ళు లెక్క పెట్టుకునేవాళ్ళు కదా, ఆమె అందులో సగానికీ తూగేది కాదు. మిగిలింది ఊరి ఆడవాళ్ళ సొత్తు. మహబూబీ సెలవు మీద పోతుందని తెలిస్తే చాలు, ఒకామె ఎండుచేపలు తెచ్చేది, ఒకామె తేనె సీసా, ఇంకొకామె మస్కట్లో కాపురముండే కూతురికి ఎండు నిమ్మకాయల సంచి. "మహబూబీ, నీ బరువులో నాకింత చోటియ్యవే" అని బతిమాలేవాళ్ళు. ఎవరికెంత చోటో తేల్చేది ఇంటి యజమానురాలు హమీదా. అక్కడ యజమానురాలిని మామా అని పిలుస్తారు. ఈ మామా ఇంటి నడవలో కాళ్ళు చాపుకుని కూర్చుని, "నిరుడు నీ చేపలకు నా మహబూబీ బట్టలన్నీ కంపు కొట్టాయి. ఈసారి నీకు లేదు పో" అని తీర్పులు చెప్పేది.

ఇప్పుడా చోటెక్కడిది? హమీదా ఇంటి ఖర్జూరాలూ నెయ్యీ తిని తిని మహబూబీ కూడా గాదెలాగా అయ్యింది.

తూకం చూసే గంగాధరం గోదావరి మనిషి. ముందర హమీదాను తూచాడు. మస్కట్ దాకా వచ్చి సాగనంపుతానని ఆమె పట్టుబట్టి బయల్దేరింది. తర్వాత ఆసుపత్రికి పోయే ముసలాయన్నీ, ఆయన భార్యనీ తూచాడు. కడాకు మహబూబీ ఎక్కింది, పక్కన రోలు పెట్టించుకుని. గంగాధరం ముల్లు వంక చూసి తల గోక్కున్నాడు.

"బరువెక్కువైంది మహబూబమ్మా."

"బాగా చూడబ్బా. నా చెప్పులు ఇడుస్తా."

"చెప్పులు కాదు, రోలు తప్ప అన్నీ ఇడిచినా చాలదండి. ఎండ ముదిరితే విమానం తక్కువ మోస్తది. చలికాలమైతే ఎలాగో సర్దేవాణ్ణి."

"చలికాలం దాకా ఉండనిస్తారా? నా కాయితాలు ఈ వారంతో ఐపోతాయి."

"రోలుని పై వారం పంపుతానండి."

"పంపితే మస్కట్లో దించుకునేదెవరు నాయనా? మా చిన్నాయన ఊరికి పోయి ఎంత కాలమైంది."

వాళ్ళ తెలుగు అర్థం కాకపోయినా హమీదాకు సంగతి తెలిసిపోయింది. చేతికర్ర పట్టుకుని లేచింది. "నేను దిగిపోతా. నా బరువుకి ఇట్లాంటి రాళ్ళు రెండు పోతాయి. ఎక్కించు."

గంగాధరం మహబూబీ వంక చూశాడు. ఔనంటే రోలు విమానమెక్కుతుంది, మామా దిగిపోతుంది. మహబూబీ మామా వంక చూసింది.

మొదటిసారి ఈ విమానం ఎక్కిన రోజు గుర్తొచ్చింది ఆమెకి. పందొమ్మిదేళ్ళ పిల్ల. విమానం కొండల మధ్య గాలికి ఊగుతుంటే కళ్ళు మూసుకుని వణికిపోయింది. అప్పుడు పక్కనున్న ఎరగని ఆడమనిషి తన నల్ల బురఖా కిందనుంచి చెయ్యి చాపి ఈమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. దిగేదాకా వదల్లేదు. ఆ మనిషే ఈ హమీదా. అది మొదలు ఈ విమానంలో ఎప్పుడు పోయినా ఇద్దరూ చేతులు పట్టుకునే కూర్చుంటారు. ఎవరికి భయమో ఎవరూ చెప్పుకోరు.

"కూర్చో మామా," అంది మహబూబీ. గంగాధరం వైపు తిరిగి, "పొత్రం ఒకటే అయితే?" అనడిగింది.

పొత్రం పెట్టి చూశాడు. "ఇదైతే సరిపోద్దండి."

హమీదా మనవరాలు అరీబా సాగనంపడానికొచ్చి ఉంది. మహబూబీ రోలు గుంటలో ఒకసారి అరచెయ్యి ఆనించి, ఇసక తుడిచి, "ఇంటికి తీసుకుపో తల్లీ. నిమ్మచెట్టు కింద పాత చోటునే పెట్టు," అని చెప్పింది. వెనక్కి చూడకుండా మెట్లెక్కింది.

విమానం లేచింది. కింద ఊరు అరచేతంత అయ్యింది. హమీదా మూతి ముడుచుకుంది.

"నువ్వు లేకుండా వట్టి రోలు పెట్టుకుని నేనేం చెయ్యాలి?" అంది.

"వట్టి పొత్రం పెట్టుకుని నేను మాత్రం ఏం చెయ్యాలి మామా?"

"తలగడ కింద పెట్టుకో. నీ మొగుడు మాట వింటాడు."

మహబూబీకి నవ్వొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అంతలో కొండ మలుపు దగ్గర విమానం ఒరిగింది. కాళ్ళ దగ్గర గుడ్డలో చుట్టి పెట్టిన పొత్రం దొర్లబోయింది. హమీదా అటునుంచి ఒక పాదం, మహబూబీ ఇటునుంచి ఒక పాదం అడ్డం పెట్టారు. మళ్ళీ అది కదలకుండా మస్కట్ దాకా పాదాలు అట్లాగే ఉంచారు. చేతులు ఎప్పుడు పట్టుకున్నారో మటుకు ఇద్దరూ చూసుకోలేదు.