ఇద్దరు తిప్పన్నలు

హిందూపురంలో ఆఫీసుకు రాగానే సాయిసుధ చేసే మొదటి పని, తన నియమం తిరగ్గొట్టిన ఫారాల జాబితా చూసి మురిసిపోవడం. చిన్న ఆస్పత్రులు రోగుల వివరాలు ఎక్కించే వెబ్‌సైటు వాళ్ల ఆఫీసుది. ఒకే రోగిని రెండుసార్లు ఎక్కిస్తున్నారని గోల వస్తే, వెబ్‌సైటుకు వాడిన రెడీమేడ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఉన్న తనిఖీలు చాలక సొంతంగా ఒకటి రాసింది. పేరు, తండ్రి పేరు, ఫోను నంబరు కలిస్తే పాత మనిషే, కొత్త ఫారం చెల్లదు. వయసు ఎవరూ సరిగ్గా చెప్పరని దాన్ని వదిలేసింది. పది వరుసల కోడు. దానికే ఎంత గర్వమో!

ఆ రోజు జాబితాలో, పెనుకొండ క్లినిక్కు నుంచి ముందురోజు నాలుగుసార్లు పంపిన ఒకే ఫారం కనిపించింది. తిప్పన్న, తండ్రి వెంకటప్ప. పెన్సిలిన్ పడదని నాలుగుసార్లూ రాశారు. పాత తిప్పన్న కార్డు తెరిచింది. పోయినేడు అదే సూది వేశారు, ఏమీ కాలేదని ఉంది. వయసు ఆరేళ్లు ఎక్కువ.

ధర్మవరంలో తన ఇంట్లోనే నాయన పెద్ద మల్లికార్జున, చిన్నాయన చిన్న మల్లికార్జున. ఇంటిదేవుడి పేరు ఇద్దరికీ పెడతారు, ఆధార్‌లో పెద్దా ఉండదు, చిన్నా ఉండదు. ఇంటికంతా ఒకటే ఫోను. మగ్గాల మధ్య ఆ పిలుపులు వింటూ పెరిగిన మనిషి, కంప్యూటరు ముందు కూర్చోగానే ఎట్లా మరిచిపోయిందో!

కార్డు కిందికి చూసింది. ఫారం వెనక్కి వస్తోందని విసిగిపోయి, క్లినిక్కువాళ్లు ఈ రోజు వైద్యం పాత కార్డులోనే రాసేశారు, పడదన్న మాట మాత్రం అందులోకి ఎక్కలేదు. పదింటికి పెన్సిలిన్ సూది. పదికి నాలుగు నిమిషాలుంది.

వెంటనే అక్కడి నర్సు నాగమణికి ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తింది.

"అక్కా, తిప్పన్నకు సూది వేయొద్దు. ఆ కార్డు ఆయనది కాదు."

"మందు సిరంజిలోకి తీసేసినానే. ఉండు, అడుగుతా."

అవతల ఫ్యాను చప్పుడు. సుధ ఫోను చెవికి అదుముకుని గడియారం వంక చూసింది.

"చిన్నోడంట సుధా. కార్డు వాళ్లన్నది. పడదని నిన్ననే రాయించినా గదా అంటాండాడు. సూది పక్కన పెట్టేసినాలే."

సుధ ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుని ఆ పది వరుసలూ చెరిపేసింది. కానీ ఆ నియమం పెట్టి రెండు నెలలైంది. జాబితాలో ఇంకా నలభై ఒక్క పేర్లున్నాయి. వాళ్లలో ఎంతమంది తమ్ముళ్లో, ఎవరికి ఎవరి మందు పడిందో దేవుడికే తెలియాలి.

మొదటి నంబరు ధర్మవరంలోని ఒక ఇంటిది. ఫోన్ చేసింది. ఇంటికంతా ఒకటే ఫోను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.