నూనె పూసిన గాలపు కర్ర

కోడలు తేన్మొళి తెప్పించిన గాలపు కర్ర మూరెడు సంచిలో పట్టేది. ఒకదాంట్లో ఒకటి దూరిన గొట్టాలు. కొన పట్టుకుని లాగితే మనిషికి రెండింతలు సాగేది. కింద దారం చుట్టుకునే చక్రం. ఫోనులో చూసి కొన్నది.

అంతకు ముందు నాది వెదురు కర్ర. మా ఊరు పిక్కిలి నుంచి కావేరి గట్టుకు పోవాలంటే బస్సు ఎక్కాలి. ఒకసారి బస్సు కుదుపుకు కర్ర కొన పోయి ఎవరో ఒకావిడ టమాటా గంపలో గుచ్చుకుంది. అప్పటినుంచి ఆ కండక్టరు నన్ను చూస్తే తలుపు దగ్గరే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "తాతా, నువ్వొస్తే కర్ర వద్దు, కర్ర వస్తే నువ్వొద్దు" అని తమిళంలో అనేవాడు. నేను వెనక్కి తిరిగేవాణ్ణి. ఏటికి పోవడమే తగ్గిపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తేన్మొళి ఎట్లా కనిపెట్టిందో కనిపెట్టింది.

నేను మాట తక్కువ మనిషిని. పెళ్ళయిన కొత్తలో నా భార్య మూకాయి దానికే ఏడ్చేది. తర్వాత అలవాటు పడింది. తేన్మొళికి ఇంకా అలవాటు కాలేదు. మొన్న వైగాసి నెలలో మా కొడుకు తమిళ్‌సెల్వన్‌ను చేసుకుని ఈ ఇంటికి వచ్చిన పిల్ల. నేను పలకకపోతే తనంటే ఇష్టం లేదనుకుంటుంది. ఈ కర్ర ఎందుకు తెచ్చిందో నాకు తెలియనిది కాదు.

కొత్త కర్రను నీళ్ళకు తీసుకుపోయే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. మా నాయన చేసేవాడు, నేనూ చేస్తాను. వెదురును పొయ్యి మీద పొగకు వేలాడదీసి, తర్వాత కానుగ నూనె పట్టించాలి. నూనె తాగని కర్ర నీళ్ళకు నిలవదు. దీనికి పొగ పెట్టడం కుదరదని వదిలేశాను. నూనె మాత్రం గొట్టం గొట్టంగా లాగి, మూలమూలకూ పూశాను. పాములాగా జారింది. సంతోషించాను.

గట్టు మీద అన్నామలై ముందే కూర్చుని ఉన్నాడు. వయసులో ఉన్నప్పటినుంచి ఒకే బండ మీద కూర్చునేవాళ్ళం. నేను కర్ర సాగదీస్తుంటే నోరు తెరిచి చూశాడు.

"ఏం బావా, రేడియో ఏరియలా? యా స్టేషన్ పడుతాది?"

నేను రాగిముద్ద ఎర కట్టి వేశాను. కాసేపటికి బెండు మునిగింది. మంచి బరువు. కర్ర ఎత్తాను. ఎత్తినంతలో కొన గొట్టం లోపలికి జారింది. దాని వెనక ఇంకోటి. ఇంకోటి. నా చేతిలో మూరెడు మిగిలింది. దారం వదులై చేప పోయింది.

అన్నామలై బండ మీద పడి నవ్వాడు. "చేప ఎరను మింగేది చూసినాను బావా, కర్ర కర్రనే మింగేది ఇప్పుడే చూస్తాండాను!"

మళ్ళీ సాగదీశాను. మళ్ళీ జారింది. గుడ్డతో కట్టి చూశాను. కుదరలేదు. మడిచి సంచిలో పెట్టి పొద్దు వాలేదాకా ఊరికే నీళ్ళు చూస్తూ కూర్చున్నాను. వెదురైతే చేప ఎర వాసన చూసినప్పుడే అరచేతికి తెలుస్తుంది. ఇది బరువు పడేదాకా ఏమీ చెప్పలేదు. చెప్పిన తర్వాత నిలవలేదు.

ఇంటికి వచ్చేసరికి తేన్మొళి కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నా కోసమే చూస్తోంది.

"మామా! ఎట్లుండాది కర్ర? చేపలు పడినాయా?"

బాగుందంటే అబద్ధం. బాగాలేదంటే ఆ పిల్ల మొహం చూడలేను. ఏమీ అనకుండా కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాను. అదే ఇంకా పెద్ద తప్పయింది. వంటింట్లోంచి తేన్మొళి గొంతు వినిపించింది.

"అత్తా, నేను ఏం తెచ్చినా మామకి పిడించదు. నేనే నచ్చలేదేమో. రేపటిలోపల కర్రను తిరిగి పంపిస్తే కంపెనీవోళ్ళు తీసుకుంటారు. పంపించేస్తాను."

"ఆ మనిషి దేవుడి ముందర కూడా నోరు తెరవడు లేమ్మా" అంది మూకాయి.

తేన్మొళి వచ్చి సంచిలోంచి కర్ర తీసింది. చేతిలో నిలవక జారి కింద పడింది. వేళ్ళు వాసన చూసుకుంది.

"ఇదేంది మామా? నూనె?"

"పూసినాను."

"దేనికి?"

"కొత్త కర్రకి పూయల్ల కదా."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వు.

"అయ్యో మామా! ఇది గొట్టాల బిగువు మీద నిలిచేది. హోసూరులో కట్టడం పనికి పోయినప్పుడు స్లాబు కింద జాకీలు నిలబెడతాము కదా, వాటికి ఇట్ల నూనె పూస్తే మేస్త్రీ యాడుంటాడు? మా నెత్తి మీద ఉంటాడు!"

నేను నవ్వలేదు గాని, నవ్వు గొంతుదాకా వచ్చింది. ఆమె గడప మీద కూర్చుని సబ్బునీళ్ళు, పాత గుడ్డ పెట్టుకుని గొట్టాలు తుడవసాగింది. తలెత్తకుండా అడిగింది. "చేప పెద్దదా మామా?"

"పెద్దదే."

"నా వల్లే పోయింది పాపం."

ఇప్పుడు మాట్లాడకపోతే ఆ మాట ఈ ఇంట్లోనే ఉండిపోతుందని అనిపించింది.

"పోలేదమ్మా. కొత్త కర్రకి పడే మొదటి చేపను ఏటికే వదలల్ల. మా నాయన కాలం నుంచి అట్లే. నేను వదిలేకి ముందే ఇదే వదిలేసింది. కట్టుబాటు తెలిసిన కర్ర."

ఆమె చేతులు ఆగాయి. "అయితే నచ్చినాదా?"

"ఇంకా లేదు" అన్నాను. "మూగది. నా మాదిరి. పలికేకి కొన్ని దినాలు పడుతాది. పంపించొద్దు."

మూకాయి గరిటె పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. "ఇన్ని మాటలా! నోటికి కూడా ఆ నూనే పూసుకున్నావా ఏంది?"

తేన్మొళి ఒక్కొక్క గొట్టమే లాగి, బిగించి, కర్రను నా వైపు చాపింది. నేను కొన పట్టుకుని వెనక్కి తోశాను. కదల్లేదు.

"పొద్దున బస్సుకి నువ్వు కూడా రా" అన్నాను. "ఎరకి రాగిముద్ద గట్టిగా కెలుకు."