కదలని కుట్లు

అక్క అడిగింది ఒక్కటే. పాత ఎంబ్రాయిడరీ మిషన్‌లో తను ఎప్పుడో గీసుకున్న బాతు బొమ్మ కావాలి. పుట్టబోయే బిడ్డ దుప్పటి మీద అదే కుట్టాలి, లేకపోతే ఏదీ వద్దు.

ఆ బొమ్మ తొలి కాన్పు నాటిది. ఆ బిడ్డ దక్కలేదు. బొమ్మ గుడ్డ మీదికి ఎక్కకుండానే ఫ్లాపీలో ఉండిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతి పైకి అనరు. ఇన్నేళ్లకు మళ్లీ కడుపు పండింది, నెలలు నిండుతున్నాయి. మంచం దిగవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పాత మిషన్ ఎప్పుడో మూలపడింది. పిల్లల బట్టల మీద బొమ్మలు కుట్టడానికి బావ కొన్న కొత్త మిషన్, ఆ పాత ఫైలును చూసి మొహం తిప్పుకుంది.

అందుకని తమ్ముణ్ణి పిలిపించారు. ప్రోగ్రాములు రాసి బతికేవాడు. ముందుగదిలో బావ కుట్టుకొట్టు, వెనక ఇల్లు. తమ్ముడు కొట్లో దారపు కండెల మధ్య ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాడు. బావ పక్కన స్టూలు లాక్కుని గొంతు తగ్గించాడు.

"చూడు బావమరిదీ, ఆ ఫైలు రాకపోతే ముందు నాతో చెప్పు. మీ అక్కతో అనకు. తన మనసు మళ్లీ అప్పటి రోజుల్లోకి పోయిందంటే తీసుకురావడం నా వల్ల కాదు."

తమ్ముడు తలూపాడు.

ఫైలు తెరిస్తే అక్షరం ముక్క లేదు. వరసగా బైట్లు. బైట్ అంటే సున్నా నుంచి రెండువందల యాభై అయిదు దాకా ఏదో ఒక అంకె, అంతే. చాలాసేపు చూడగా చూడగా అవి జోడెద్దుల్లా జంటలుగా నడుస్తున్నాయని తెలిసింది. జంటలో ఒకటి సూది పక్కకు ఎంత జరగాలో చెబుతుంది, రెండోది పైకి ఎంత జరగాలో. ఆ అడుగుల్ని తెర మీద గీతలుగా గీయమని ప్రోగ్రాం రాశాడు. గీతలు తెర దాటి పోయాయి.

"ఇది బాతా? గాలివానకు లేచిపోయిన గడ్డివామిలా ఉంది" అన్నాడు బావ.

"ఆగు బావా. పెళ్లినాడు నీ క్రాపూ ఇలాగే ఉంది. కుదురుకోలేదూ?"

లోపలి గదిలోంచి అక్క నవ్వు వినబడింది. బావ మొహం వికసించింది.

సూది ముందుకే కాదు, వెనక్కీ నడుస్తుంది. పెద్ద అంకెలన్నీ వెనకడుగులు. రెండువందల యాభై అయిదు అంటే ఒక్క అడుగు వెనక్కి. అలా చదివించేసరికి గడ్డివాము ఒళ్లు ముడుచుకుని బాతయింది. దాని తోక వెనకాల బుల్లి పిల్ల.

మధ్యమధ్య సున్నాల జంటలు వచ్చాయి. పక్కకీ లేదు, పైకీ లేదు. పొల్లు అనుకున్నాడు. పాత ఫైళ్లలో ఖాళీలు పూడ్చడానికి సున్నాలు పోయడం అతను చూసిందే. తూర్పారబట్టినట్టు అన్నిటినీ ఎగరగొట్టాడు. తెర మీద బొమ్మ వెంట్రుకవాసి మారలేదు. కొత్త మిషన్ చదివే తీరులో ఫైలు తిరగరాసి బావ చేతికిచ్చాడు.

బావ ముందు ఒక పాతగుడ్డ మీద కుట్టి చూశాడు. పచ్చటి బాతు, దాని వెనక పిల్ల. ఇద్దరూ పోటీపడి లోపలికి తీసుకెళ్లారు. అక్క గుడ్డను పొట్ట మీద పరుచుకుని వేలితో రాసింది. గోరుకు దారం కొస తగిలింది. కాస్త లాగిందో లేదో, పిల్ల బాతు జరజరా ఊడివచ్చేసింది.

ఊడిన దారాన్ని అక్క వేలికి చుట్టుకుంది. గుడ్డ మడిచి దిండు కింద పెట్టుకుంది.

"పోనీలేరా. అది వేరే మిషన్, ఇది వేరే మిషన్. నువ్వు మాత్రం ఏం చేస్తావ్!"

ఆ మాట అతనికి గుచ్చుకుంది. తిడితే బాగుండుననిపించింది. కొట్లోకి వెళ్లి అంకెల్ని మళ్లీ మొదటినుంచి చూసుకున్నాడు. ఎక్కడా తప్పు దొరకలేదు.

మర్నాడు పొద్దున టీ ఇవ్వడానికి వెళ్లేసరికి అక్క మంచం మీద పడుకునే, బావ చొక్కాకు గుండీ కుడుతోంది. ఊరికే ఉండలేదు కదా. తమ్ముడు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి చూశాడు. గుండీ బిగిశాక సూది ఎటూ పోలేదు. దిగిన చోటే మళ్లీ దిగింది, మళ్లీ దిగింది. తర్వాతే ఆమె దారాన్ని పంటితో తెంపింది.

గ్లాసు కిటికీలో పెట్టేసి కొట్లోకి పరుగెత్తాడు.

పక్కకీ లేదు, పైకీ లేదు. కానీ సూది ఉన్నచోటే దిగుతుంది. ముడి అదే. తను పొల్లని ఎగరగొట్టింది ముడుల్ని.

సున్నాలన్నీ తెచ్చి ఎక్కడివక్కడ పెట్టాడు. అవి ఎక్కడున్నాయో కనబడాలని తెర మీద ఎర్రచుక్కలు వేయించాడు. తల్లిబాతుకు రంగు మారే చోటల్లా రెండో మూడో. పిల్లబాతు దగ్గర మాత్రం జొన్నకంకి మీద గింజల్లా కిక్కిరిసి ఉన్నాయి. కంప్యూటర్‌ను అలాగే ఎత్తుకుని అక్క దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, ఈ బుల్లిదానికి ఇన్ని ముడులేంటే?"

అక్క ఒక ఎర్రచుక్క మీద వేలు పెట్టింది.

"పిల్లల వేళ్లు ముందు దాని మీదికే పోతాయి కదరా. చూసేదీ దాన్నే, పీకేదీ దాన్నే. ఊడకూడదని... అప్పుడు చాలా భయంగా ఉండేదిరా."

ఆ ఇంట్లో ఆ రోజుల గురించి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. గుమ్మంలో బావ అలాగే నిలబడిపోయాడు.

"తీసేయమంటావా మరి?" అన్నాడు తమ్ముడు.

"వద్దు. అన్నీ ఉండనీ."

సాయంత్రానికి దుప్పటి మీద బాతులు వచ్చాయి. బావ పిల్లబాతు అంచున గోరు దూర్చి లాగాడు. ఇంకాస్త బలంగా లాగాడు. దారం కదల్లేదు.

"చాల్లే, ఇక ఆపు. పిల్లకంటే ముందు నువ్వే పీకేలా ఉన్నావ్" అని అక్క దుప్పటి లాక్కుంది.