పసుపు గీతల మీద అట్టముక్క

ముందుగా తప్పులకు క్షమించండి. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. దీర్ఘం ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను. ఈ నాలుగు కాగితాలు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. బడిలో నన్ను నత్తమ్మ అంటారు, ఊరికే అనరు.

నాకు అక్షరాలు అరవై నాలుగో ఏట వచ్చాయి. మా ఆయన రేడియోలు బాగుచేసేవాడు. జనం రేడియోలు మానేశాక కంప్యూటర్ ముందు కూర్చుని, తనంతట తనే ఒక కంప్యూటర్ భాష నేర్చుకుని, నా కోసం ఒక ప్రోగ్రాం రాశాడు. మీట నొక్కితే తెర మీద అక్షరం పెద్దగా వస్తుంది, ఆయన గొంతు దాన్ని పలుకుతుంది. యాభై ఆరు అక్షరాలూ అలాగే. ఆయన ఉన్నన్నాళ్లూ నేను ఒక్క మీటా నొక్కలేదు. "ఈ వయసులో నాకెందుకు, పోదురూ" అనేదాన్ని. ఆయన పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయి, నొక్కడం మొదలుపెట్టాను.

ఇప్పుడు మా వయోజనుల బడిలో పాఠం చెప్పేది ఆ ప్రోగ్రామే. పంతులమ్మకు గొంతు ఆపరేషనైంది, రెండు నెలలు మాట్లాడకూడదు. బోర్డు మీద రాస్తుంది, చేతులు ఊపుతుంది, కళ్లురుముతుంది. మిగతాదంతా మా ఆయనే. సోమవారం పరీక్ష. పన్నెండు మందిలో ఎనిమిది మందైనా గట్టెక్కకపోతే మా గదిని కుట్టుమిషన్ల క్లాసుకు ఇచ్చేస్తామన్నారు.

సరిగ్గా బుధవారం మీట నొక్కితే గొంతు రాలేదు. అక్షరమూ రాలేదు. ఏవో ఎర్రటి గీతలు వచ్చాయి. కంప్యూటర్ల మెకానిక్ వచ్చి చూసి, "ఆ కంప్యూటర్ భాషకు కొత్త వెర్షన్ వేశానండీ, అందులో మీ ప్రోగ్రాం నడవదు. పాతది మళ్లీ వేయడానికి నాకు అనుమతి లేదు" అని చక్కా పోయాడు.

ఇంటికొచ్చి మా అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. ఎందుకంటే ఆ కంప్యూటర్ భాషను చూసుకునేవాళ్లలో అదీ ఒకతె. "లైబ్రరీలోంచి పాతవి తీసేస్తున్నాం" అని అది అంటూ ఉంటే, పుస్తకాలనుకుని రెండేళ్లుగా ఇరుగుపొరుగుకు మా అమ్మాయి లైబ్రేరియన్ అని చెప్పుకున్నాను. పుస్తకాలు కావట. భాషతోపాటు అందరికీ ఇచ్చే పనిముట్ల బీరువాను లైబ్రరీ అంటారట. పాతరకం శబ్దాల ఫైళ్లను చదివే పనిముట్టొకటి అందులో ఉండేది. ఈసారి తీసేశారు. తీసేయాల్సినవాటి జాబితా రాసిందెవరు? నా కడుపున పుట్టిందే.

"మీ నాన్న గొంతు నొక్కేశావు కదే!" అన్నాను.

"అమ్మా, పదిహేనేళ్లుగా ఆ పనిముట్టును పట్టించుకునే దిక్కు లేదు. దాన్ని రాసినాయన ఎప్పుడో మానేశాడు. ఏ చిన్న తప్పొచ్చినా నా నెత్తిన పడేది. ఎన్నిటికని చాకిరీ చేయను?"

"అయితే చెప్పాపెట్టకుండా పారేస్తారా?"

"రెండేళ్లు చెప్పాం! నడిపిన ప్రతిసారీ తెర కింద పసుపు గీతలు వస్తాయి. ఇది త్వరలో పోతుంది, వేరే దారి చూసుకోండి అని వాటి అర్థం. నీకు కనబడలేదా?"

కనబడకేం, కనబడ్డాయి. అవి ఇంగ్లీషులో వచ్చేవి. మాకు తెలుగే కొత్త. అవి రాగానే క్లాసంతా ఏదో పాడుచేశామని హడలిపోయి చేతులు వెనక్కి లాక్కునేది. అందుకని నేనే పాత క్యాలెండర్ అట్టను కత్తిరించి తెర అడుగున అంటించాను. దాని మీద "భయపడొద్దు" అని రాశాను. నా అంతట నేను రాసిన మొదటి మాట అది.

చెప్పక తప్పలేదు. మా అమ్మాయి రెండు చేతులతో తల పట్టుకుంది.

"అట్ట అంటించావా? హెచ్చరిక మీద?"

"ఒత్తు కూడా తప్పు పోలేదే."

"దేవుడా! పైగా నన్నంటావా? పనికిరావని బడిలో ఌ, ౡ అక్షరాలు తీసేయించింది నువ్వు కాదూ?"

అదీ నిజమే. ఆ మెలికలు చూస్తేనే నాకు విసుగు. ఆ రెండు మీటలూ ఎన్నడూ నొక్కలేదు. "వీటితో మేం రాసే మాట ఒక్కటి చూపించండి" అని పంతులమ్మతో మూడు రోజులు పోట్లాడి, పాఠంలోంచి కొట్టేయించాను.

"అవి ఎవరికీ అక్కర్లేదు కనుక" అన్నాను.

"మేమూ అదే అన్నాం. రెండేళ్లలో మాకు అది కావాలని ఒక్కరూ రాయలేదమ్మా."

"రాయడం వస్తే కదే రాసేది!"

అది తన కంప్యూటర్ తెరిచి, "ఫైళ్లన్నీ పట్రా" అంది విసురుగా.

దాని కంప్యూటర్‌లో పాత వెర్షన్ ఇంకా ఉంది. దాంతో ఆయన గొంతునంతా కొత్తరకం ఫైళ్లలోకి మార్చింది. ప్రోగ్రాంలో కూడా ఏవో మార్పులు చేసింది. శుక్రవారం మధ్యాహ్నం ఒక్కొక్కటే వింటూ సరిచూస్తోంది. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అ, ఆ, ఇ, ఈ... తొమ్మిదో ఫైలు వచ్చింది, నేను ఎన్నడూ నొక్కని ఌ.

"అలు" అని పలికి ఆయన ఆగాడు. తర్వాత చిన్నగా దగ్గి, "ఏమోయ్, ఇక్కడిదాకా వచ్చావంటే నీ మొండితనం కాస్త తగ్గినట్టే. ఇది ఎవరూ వాడరు. దాటేసి పో" అన్నాడు.

మా అమ్మాయి దాన్ని మళ్లీ పెట్టింది. ఇద్దరం మళ్లీ విన్నాం. అది ముక్కు ఎగబీల్చుకుని, వెంటనే నా వైపు తిరిగింది.

"విన్నావా? నాన్నదీ నా మాటే. దాటేయమన్నాడు."

"దాటేయమన్నాడు. తీసేయమనలేదు."

సోమవారం తొమ్మిది మందిమి గట్టెక్కాం. గది మాకే ఉంది. ఆ రెండు అక్షరాలనూ మళ్లీ పాఠంలో పెట్టించాను. మూడు రోజులు పోట్లాడి తీసేయించి ఇప్పుడిదేమిటని పంతులమ్మ కళ్లురిమింది, ఉరమనీ. పనిముట్టు మాత్రం బీరువాలోకి తిరిగి రాలేదు. తీసేసింది తీసేసిందేనంటుంది మా అమ్మాయి. అంతటితో అయిందా? "నాన్న ప్రోగ్రాం వాడే పనిముట్లలో పోబోయేవి ఇంకో రెండున్నాయి" అంది నిన్న అన్నం తింటూ. ఈ పిల్లతో ఎలా వేగాలో నాకు తెలియడం లేదు.

అట్టముక్క పీకేశాను. ఇప్పుడు ప్రతి బుధవారం ఆ పసుపు గీతలను నోటుపుస్తకంలో దించుకుంటున్నాను. ఇంగ్లీషు రాదు కనుక కొక్కేలూ పొట్టలూ గీస్తాను. ఒక్క వరుసకు గంట పడుతుంది. తెచ్చి మా అమ్మాయి ముందు పెడతాను.

"ఈ అక్షరం తిరగేసి రాశావమ్మా" అంటుంది.

"నీకు అర్థమైంది కదా, ముందు సంగతి చూడు" అంటాను.

నత్తమ్మ,
అరవై ఎనిమిదేళ్లు,
మా అమ్మాయి ఇంట్లో, మెట్ల పక్క గది.