సహరీలో మింగిన మాత్రలు

మా ఆయన లాల్ అహమ్మద్ గుండెలో పాడైన కవాటం తీసేసి కొత్తది పెట్టారు. అది టిక్కుటిక్కుమని ఎంత గట్టిగా కొట్టుకుంటుందంటే, కదిరి బస్టాండులో డ్రైవర్లు గడియారాలు మానేసి ఆయన్ని చూసే బస్సులు తీస్తారు.

అలాంటి మనిషికి రంజాన్ నెలలో దవడపన్ను పుచ్చింది. ఆయన మూలుగుకు చిలమత్తూరులో గొర్రెలు బెదిరిపోయాయి.

గుండె డాక్టరు ముందే చెప్పాడు: పన్ను పీకితే చిగుళ్లలోని క్రిములు రక్తంలో కలిసి కొత్త కవాటానికి పట్టుకోవచ్చు, పట్టుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకే పీకడానికి గంట ముందు నాలుగు గొట్టం మాత్రలు ఒకేసారి మింగాలి. ముందురోజే నేను తెచ్చి చేతిలో పెట్టాను.

మధ్యాహ్నం కుర్చీలో కూర్చోగానే పళ్ల డాక్టరు ప్రశాంతి అడిగింది.

"మాత్రలు ఎప్పుడు మింగినావన్నా?"

"సహరీలో, అన్నంతో పాటే మింగేసినా మేడం! రోజా చెడలే, గుండె కూడా చెడదు," అన్నాడు, ఎలక్షన్ గెలిచినవాడిలా.

నాకు ఒళ్లు మండిపోయింది. "తెల్లారకముందు మింగితివా? ఇప్పుడు ఎండ నడినెత్తికొచ్చిండాది కదయ్యా! ఆ మందు నీ కోసరం ఇంకా రక్తంలో కూచోనుంటాదా?"

"దాని బలం దిగిపోయింటాది," అంది ప్రశాంతి. "మళ్లా మింగన్నా, గంట ఆగి పీకుతా."

"మింగితే రోజా పోతాది మేడం. ఊరికే పీకేయండి."

"ఊరికే లాగేదానికి అదేమన్నా బోరు మోటారా?"

"జబ్బు మనిషి రోజా ఇడిసిపెట్టొచ్చని మసీదులో హజరత్ చెప్పలేదా?" అన్నాను.

"చెప్పినాడు. నాకేం జబ్బే? పన్ను నొప్పే కదా!"

నేను తల కొట్టుకున్న చప్పుడుకు రోడ్డు మీద ఆటోలు ఆగిపోయాయి.

ప్రశాంతి చేతులెత్తేసింది. "సరే, రోజా ఇడిసేటప్పుడు మింగి రాండి. మీ కోసం ఉంటా. అంతదాకా నొప్పి నీదే అన్నా."

సాయంత్రం అజాన్ వినపడగానే ఆయన చెయ్యి ఖర్జూరాల మీదికి పోయింది. ఆ చేతిలో మాత్రలు పోశాను. మింగాక నాలుక ఎత్తించి మరీ చూశాను.

"నేనేమన్నా దొంగనా?"

"దొంగవయితే పోలీసోళ్లకు ఇడిసిపెడుదును. మొగుడివయితివి!"

గంట గడిచాక ప్రశాంతి పన్ను పీకింది. "జొరం వస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు, గుండె డాక్టరు దగ్గరికి పోండి," అని చెప్పి, ఆయన నోట్లో దూది కుక్కింది.

ఇల్లు చేరేదాకా ఆటోలో ఆయన నోట ఒక్క మాట లేదు. నాకు మాత్రం పండగ ఆ రోజే వచ్చేసింది.