బొరుగుల గంపలో మచిలీపట్నం

నా భర్త రామసుబ్బయ్య సముద్రం చూడకుండానే పోయాడు. ఆదోని హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు ఆయన. పత్తి కంపెనీ తెల్ల మేనేజరు దేశం విడిచి పోతూ సామాను హరాజు వేసినప్పుడు, జనమంతా కుర్చీలకూ గడియారాలకూ ఎగబడితే ఈయన ఒక రేకు పెట్టె ఎత్తుకొచ్చాడు. అందులో ఎనిమిది రేవుల పటాలు. ఓడలు కొత్త దేశాలు వెతుక్కుంటూ తిరిగిన కాలంలో రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసినవట. సూరత్, గోవా, మలక్కా, ఇంకా నాకు నోరు తిరగని ఊళ్లు. అన్నిటికన్నా పైన మచిలీపట్నం, దాని మూలన తెరచాపల ఓడ.

నీళ్లలో చీమల బారులా ఉన్న అంకెలు చూపించి, "ఇవి లోతులు అలివేలూ. యాడ రాయి ఉండాదో ముందే తెలిస్తే ఓడ పగలదు" అనేవాడు. ప్రతి పటం అంచునా పెన్సిలుతో సన్నగా తన పేరు రాసుకున్నాడు. సముద్రంలో రాళ్లన్నీ తెలిసిన మనిషికి ఆదోనిలో ఉన్న రాయి మాత్రం కనబడలేదు.

ఆ రాయి పేరు బాలకృష్ణయ్య శెట్టి. పత్తి మిల్లు యజమాని, స్కూలు కమిటీ ప్రెసిడెంటు. కలెక్టరుకు చూపించి ఇస్తానని ఏడు పటాలు తీసుకుపోయాడు. మచిలీపట్నం ఒక్కటే చినిగిన చోట అతికించి ఆరబెట్టి ఉండటంతో ఇంట్లో మిగిలింది. నెల తిరగకముందే ఆ ఏడూ శెట్టి మిల్లులో, అద్దాల చట్రాల్లో వేలాడాయి. ఈయన మూడుసార్లు పోయి అడిగాడు. నాలుగోసారి శెట్టి డ్రిల్లు మైదానంలో పంతుళ్లందరినీ నిలబెట్టి, అవి స్కూలు బీరువాలోవనీ, ఈ మాస్టరు దొంగిలిస్తే తాను పట్టుకున్నాననీ చెప్పాడు. మరుసటి రోజే ఉద్యోగం తీసేసిన కాగితం వచ్చింది. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది. బళ్లారి దాకా పోయి అర్జీ పెట్టినా ఎవరూ వినలేదు.

నా పుట్టినూరు ఎమ్మిగనూరుకు వచ్చేశాం. "పటాల దొంగ" అన్న పేరు మాకన్నా ముందే బస్సెక్కి వచ్చింది. ఆయన వీధిలోకి రావడం మానేశాడు. రెండో ఏడు జ్వరం వంకతో పోయాడు. ఆయన్ను చంపింది జ్వరం కాదని నాకు తెలుసు. నేను మగ్గాలవాళ్లకు నూలు చుట్టి పొట్ట పోసుకుంటూ, శెట్టి నా గడపకు వచ్చే రోజు కోసం చూశాను.

పందొమ్మిది వందల యాభై ఏడు ఎండాకాలంలో వచ్చాడు. కారులో, మామిడిపండ్ల బుట్టతో. కొత్త రాష్ట్రం వచ్చింది కదా, హైదరాబాదులో పాత రేవుల పటాలు ప్రదర్శనకు పెడుతున్నారట. గోడ మీద శెట్టి పేరు చెక్కిస్తారట. కానీ ఆంధ్ర రేవు లేకుండా అవి పనికిరావన్నారట.

"ఆ ఒక్క కాగితం ఇయ్యి అలివేలమ్మా. పోయినోడు పోయినాడు. సదువు రానిదానివి, దాంతో నీకేం పని?" అన్నాడు.

ఆయన ఎట్లా పోయాడని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే నా మనసు మెత్తబడేదేమో, చెప్పలేను.

"ఇస్తాను శెట్టీ. అదే మైదానంలో, అదే పంతుళ్ల ముందర, నా మొగుడు దొంగ కాదని సెప్పు. నేనూ వస్తాను. ఆ మర్నాడు ఏడు పటాలూ ఈడికి తెచ్చుకో. ఎనిమిదీ ఒక్కసోట పెట్టి సూడాలని ఉండాది నాకు" అన్నాను.

అతను పండ్ల బుట్ట వదిలేసి లేచాడు. నా మాట మింగి ఒప్పుకోవడానికి అతనికి పన్నెండు రోజులు పట్టింది.

నేను అన్ని రోజులు ఆగలేదు. కారు మలుపు తిరగగానే మచిలీపట్నాన్ని తొట్టిలో నానేశాను. దానితోపాటు ఆయన్ను దొంగను చేసి ఉద్యోగం తీసేసిన కాగితాన్నీ, పాత పరీక్ష పేపర్లనూ వేశాను. శెట్టి ఒప్పుకున్నా దంచుతాను, ఒప్పుకోకపోయినా దంచుతాను. గుడ్డ పీలికలతో చేసిన పాతకాలపు కాగితం, నాలుగు రోజులకు గాని మెత్తబడలేదు. పక్కింటి ఈరమ్మ మెంతులు నూరి కలిపింది. ఇద్దరం రోట్లో దంచి, బోర్లించిన కుండ మీద మెత్తి ఎండబెట్టాం. మా ఊళ్లో ఎండాకాలం ప్రతి ఇంట్లో చేసే కాగితం గంపే. దంచేటప్పుడు ఏడ్చాను. చెయ్యి మాత్రం ఆపలేదు.

డ్రిల్లు మైదానంలో శెట్టి చెప్పాడు. తల వంచుకుని గొణిగితే, "వినపడలేదు శెట్టీ" అన్నాను. మళ్లీ చెప్పాడు. "ఆ పటాలు రామసుబ్బయ్యవే. ఆయప్ప దొంగ కాదు. నేను అబద్ధం సెప్పినాను." ముసలి పంతులొకాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఆకలి వేసింది.

మర్నాడు ఏడు చట్రాలూ కారులో పెట్టుకుని వచ్చాడు. వాటిని అరుగు మీద వరుసగా పేర్పించాను. కొత్త గంప నిండా బొరుగులు పోసి అతని ముందు పెట్టాను. వీధిలో మగ్గాలవాళ్లు పని ఆపి బయటికి వచ్చారు.

"పటం యాడ?" అన్నాడు.

"బొరుగులు తిను ముందు."

రెండు గుప్పిళ్లు తిన్నాడు. తర్వాత విసుగొచ్చి మిగిలినవన్నీ అరుగు మీద గుమ్మరించాడు. గంప అడుగున, దంచకుండా నేను అతికించిన చిన్న ముక్క కనబడింది. తెరచాప కొన, దాని పక్కన పెన్సిలుతో రామసుబ్బయ్య అన్న పేరు.

శెట్టి ఆ గంపను అటూ ఇటూ తిప్పాడు. "దంచినావా?" అన్నాడు.

"నీ కమిటీ కాగితం కూడా దాంట్లోనే ఉండాది. తీస్కపో. హైదరాబాదులో పెట్టించుకో."

అతను చట్రాల వైపు చెయ్యి చాచాడు. నేను అడ్డం నిలబడ్డాను. "అవి ఎవురివో నిన్న అంతమంది ముందర సెప్పినావు కదా. పట్టుకపోతే ఇప్పుడు దొంగ ఎవురు?"

మగ్గాలవాళ్లలో ఒక్కరూ కదల్లేదు. శెట్టి గంప ఒక్కటే చంకలో పెట్టుకుని కారెక్కాడు. ఎందుకు తీసుకుపోయాడో అతనికే తెలియాలి.

చట్రాల మేకులు ఊడదీశాం. చెక్క కింద దాగిన అంచుల్లో ఏడింటి మీదా ఆయన పేరు ఉంది. వాటిని చాప మీద పరిచి, గోవా నీళ్లలో అంకెల మీద వేలు పెట్టి, ఆయన లాగే నెమ్మదిగా జరిపాను.

ఈరమ్మ నా పక్కన కూర్చుంది. "అక్కా, వీటికీ మెంతులు నానబెట్టేదా?" అని అడిగింది.

"వద్దు ఈరమ్మా. అది శెట్టి కోరింది. ఇవి ఆయనవి."